బొటనవేలు అందే చోటు

లేటుగా వచ్చానని రాయకండి మేడం! ముందు ఆ మాట కొట్టెయ్యండి. నేను తొమ్మిదింటికే వచ్చాను. ఈ గది తలుపే నన్ను రానివ్వలేదు. ఇరవై నిమిషాలు బయట నిలబడి వేలు పెట్టడం, తియ్యడం, ఏప్రన్‌కి తుడుచుకోవడం, మళ్ళీ పెట్టడం. పెట్టినప్పుడల్లా ఎర్ర దీపం వెలిగించి, నువ్వెవరో నాకు తెలీదు పొమ్మంటుంది. చివరికి టీ తెచ్చే ఆవిడ వచ్చి తన వేలు పెట్టి, కప్పులతో పాటు నన్నూ లోపలికి తోసింది.

ఇటు చూడండి, నా వేళ్ళు. కాస్త కిటికీ వైపు తిప్పి చూడండి. ఈ బొటనవేలి మీద ఒక్క గీతైనా కనిపిస్తోందా? ఈ చూపుడువేలు మీద? అద్దంలా లేవూ? పదకొండేళ్ళ పని అది. ఫోను మీద వేలు పెట్టడం, తెరుచుకుందా లేదా చూడటం, మందుతో తుడవడం, ఇంకో ఫోను. రోజుకి ఆరు వందలు. గీతలు అక్కడే పోయాయి. ఇప్పుడు పనిలో ఉంగరపు వేలితో నెట్టుకొస్తున్నాను, ఈ తలుపు మాత్రం బొటనవేలే అడుగుతుంది. అదీ అరిగితే చిటికెన వేలు ఉండనే ఉంది.

ఊళ్ళో వాళ్ళ ఫోన్లన్నీ తెరిచే చెయ్యికి ఆఫీసు తలుపు తెరుచుకోదు. నవ్వండి, ఏం పర్లేదు. నేనూ నవ్వాను, మొదటి పది నిమిషాలు.

కూర్చోనా? థాంక్సండీ. ఈ కుర్చీ కూడా ఎవరి కాళ్ళ కొలతకి చేశారో గానీ, నా పాదాలు నేలకి ఆనవు. సరే, ఆ గొడవ ఇంకోసారి.

అసలు సంగతికి రమ్మంటారా? అదేంటి మేడం, ఇదే అసలు సంగతి! ఎవరి కొలతకి ఏది చేస్తారు అన్నదే కదా మీరు హెడ్డాఫీసు నుంచి రెండు రైళ్ళు మారి తేల్చడానికొచ్చింది. మధ్యాహ్నంలోగా మీరు కాగితం మీద ఒక పేరు రాయాలి. రబ్బరు చెయ్యి మార్చింది ఎవరు? అంతే కదా. పేరు లేకుండా వెళ్తే మీకు చీవాట్లు. స్కేలమ్మ పేరు రాస్తే పందొమ్మిదేళ్ళ సర్వీసు గంగపాలు. పదకొండు రోజులుగా ఆవిడ ఇంట్లో కూర్చుని ఉంది, ఈ కాగితం కోసమే.

స్కేలమ్మ ఎవరంటారా? ఓహో, మీ ఫైల్లో పూర్తి పేరుంటుందేమో. మేం స్కేలమ్మ అంటాం. కొలతల గది ఇన్‌చార్జి. స్టీలు స్కేలు జేబులో లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఉంటుంది. గిన్నె మూత సరిగ్గా పడకపోతే కొలిచి చూస్తుందని మా సెక్షన్లో జోకు. అలాంటి మనిషి కొలతల్లో మోసం చేసిందట! చేప ఈత మర్చిపోయిందన్నట్టుంది.

సరే సరే. మొదట్నుంచీ చెప్తాను. మీరు రాసుకోండి, రాయొద్దన్నప్పుడు ఆపండి.

అదిగో, మీ బల్ల మీద గుడ్డ కప్పి పెట్టారే, అది కొత్త చెయ్యి. దాని కథ తర్వాత. ముందు పాత చెయ్యి. దాన్ని మేం పెద్దాయన చెయ్యి అనేవాళ్ళం. కంపెనీ పెట్టిన పెద్ద డైరెక్టరుగారి కుడి చెయ్యి. ఇరవయ్యేళ్ళ క్రితం ఆయన చేతికి అచ్చు తీసి, రబ్బరుతో పోసి, మణికట్టు దగ్గర ఇత్తడి బిళ్ళ తగిలించారు. బిళ్ళ మీద 'ప్రామాణిక హస్తం' అని చెక్కారు. అబ్బో, ఎంత చెయ్యనుకున్నారు! ఒక్కో వేలు కూరల్లో వేసే ములక్కాడంత.

అప్పట్నుంచీ మా దగ్గర ఏ ఫోను గీసినా ముందు ఆ చేతిలో పెట్టాలి. బొటనవేలు ఎక్కడ పడితే అక్కడ బటను. చూపుడువేలు ఎక్కడ పడితే అక్కడ వేలిముద్ర చూసే స్కానరు. అయిదు వేళ్ళూ సమానంగా ఉండవని చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా కంపెనీకి మాత్రం భూమ్మీద ఉన్న చేతులన్నీ సమానమే, అన్నీ పెద్దాయనవే.

ఆ చేతికి ఫోను వెనక, కెమెరా కింద, సరిగ్గా నడిమధ్యన స్కానరు పెడితే భలే అందుతుంది. అందుకని నాలుగు మోడళ్ళుగా అక్కడే పెడుతున్నారు. ఫోన్లు ఏటికేడాది పొడుగవుతున్నాయి, స్కానరు ఏటికేడాది పైకి పోతోంది. నా వేలు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఉండండి. మీ ఫోను తీశారుగా ఇప్పుడు, అలాగే ఉంచండి. కదపకండి! మీ చూపుడువేలు ఎక్కడుందో చూసుకోండి. తిప్పి చూడండి.

ఆఁ. కెమెరా అద్దం మీద.

మీ ఫోటోలన్నీ పొగమంచులో తీసినట్టుంటాయి కదూ? ఫోను పాడయిందని దుకాణానికి తీసుకెళ్తే కౌంటర్లో ఉన్నాయన గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, 'శుభ్రంగా వాడుకోవాలి మేడం' అని నీతి చెప్పి పంపాడు కదూ? చెప్పాడా? నాకెలా తెలుసంటారేంటి! ఫిర్యాదుల పెట్టె మా సెక్షన్ పక్కనే. మా చెల్లెలి కూతురి పుట్టినరోజు ఫోటోల్లో కేకు ఉంది, కొవ్వొత్తులున్నాయి, పిల్ల మొహం లేదు. తెల్లటి మచ్చ. స్కానరు కోసం వేలెత్తి వెతుక్కున్న ప్రతిసారీ అద్దం మీద జిడ్డు. ఆ తప్పు ఆడవాళ్ళ శుభ్రతది! స్కానరుది కాదు.

ఈ మాటే మీటింగులో చెప్పాను. నన్ను మీటింగుకి పిలిచింది మాట్లాడ్డానికి కాదు లెండి, వేలు పెట్టి చూపించడానికి. కొత్త మోడలుకి స్కానరు ఎక్కడ పెట్టాలా అని చర్చ. వెనకా, పక్కనా, ముందు అద్దం కిందా? డిజైనరుగారు, చిన్న డైరెక్టరుగారు, అమ్మకాలాయన. ముగ్గురు మగవాళ్ళు, ఒక రబ్బరు చెయ్యి. నాలుగు ఓట్లూ వెనకకే పడ్డాయి.

'సార్, వెనక పెడితే నా వేలు అందట్లేదు' అన్నాను.

డిజైనరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని, 'మీ చెయ్యి చిన్నదమ్మా' అన్నారు.

'నా చెయ్యి నేను పుట్టినప్పట్నుంచీ నాకు సరిపోతోంది సార్. ఫోనే పెద్దదయింది' అన్నాను.

అమ్మకాలాయన నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగాడు. డిజైనరుగారికి నవ్వు రాలేదు. నేను పట్టుకునే పద్ధతే తప్పన్నారు. అరగంట సేపు నాకు ఫోను పట్టుకోవడం నేర్పారు మేడం! పదకొండేళ్ళుగా రోజుకి ఆరు వందల ఫోన్లు పట్టుకునే దానికి!

'ఎడమ చేత్తో కింద ఆసరా ఇవ్వండి, కుడి చెయ్యి పైకి జరపండి' అన్నారు.

'ఎడమ చేతిలో పిల్లో పిల్లాడో ఉంటే సార్?'

'దించండి.'

'బస్సులో కడ్డీ పట్టుకుని ఉంటే?'

'సీట్లో కూర్చోండి.'

'సీటు లేదు సార్.'

'అలాంటప్పుడు ఫోను తియ్యడం ఎందుకమ్మా?'

'ఇంట్లోంచి ఎక్కడున్నావ్, ఎంతసేపు అని మెసేజి వస్తుంది గనక సార్! మెసేజి పెట్టేవాళ్ళకి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి మరి.'

నేనిలా అన్నానని మీటింగు కాగితంలో ఉండదు. 'టెస్టింగ్ సెక్షన్ నుంచి అభ్యంతరాలు లేవు' అని ఉంటుంది. చూసుకోండి, మీ ఫైల్లో మూడో పేజీయో నాలుగో పేజీయో.

ఉందా? ఉంటుంది.

ఆ రోజు ఇంటికెళ్తూ బస్సులో అనుకున్నాను. వీళ్ళు నా మాట వినరు. నా మాట కాదు, ఎవరి మాటా వినరు. ఆ రబ్బరు చెయ్యి మాటే వింటారు. అయితే ఆ చెయ్యే మాట మార్చాలి.

అంతే మేడం. అంత చిన్న ఆలోచన. మంచి ఆలోచనలకి పెద్ద గది అక్కర్లేదు, బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డా వస్తాయి.

మా ఆడపడుచు ఒకావిడ కృత్రిమ అవయవాలు చేసే చోట పనిచేస్తుంది. కాళ్ళు, చేతులు, రబ్బరు వేళ్ళు. ఆవిడ పేరా? చెప్పను. నాకు నలుగురు ఆడపడుచులు, ఏ ఒక్కరో మీరే తేల్చుకోండి. నలుగురి దగ్గరికీ వెళ్ళి అడిగితే నలుగురూ కాదనే చెప్తారు. ఆ ఒక్క విషయంలో మా ఇంటివాళ్ళది ఒకే మాట.

కానీ ఒక చిక్కు. ఆవిడకీ నాకూ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. మా అత్తగారి కుట్టుమిషను దగ్గర తగువు వచ్చింది. ఆవిడేమో అమ్మ నాకిమ్మంది అంటుంది, నేనేమో మీ అమ్మ చివరి పదేళ్ళూ నాతోనే కుట్టించుకుంది అంటాను. మిషను ఇప్పుడు ఎవరి దగ్గరుందంటారా? మా దగ్గరే. అదే కదా చిక్కు!

సిగ్గు విడిచి వెళ్ళాను. తలుపు తీసి, 'చచ్చిందెవరు?' అంది. ఎవరూ చావలేదు, నా చెయ్యి కావాలి అన్నాను. 'నీ చెయ్యి నీ దగ్గరే ఉందిగా' అంది. అయినా లోపలికి రానిచ్చింది. సంగతి చెప్పాను. ఆవిడ మొహం ఎలా మారిందనుకున్నారు! దీపం పెట్టినట్టు వెలిగింది. తన ఫోను తీసి చూపించింది. మన కంపెనీదే. ఫోటోలన్నీ పొగమంచే.

మర్నాడు వాళ్ళ పనిచోట బకెట్టులో చల్లటి ముద్ద కలిపి, అందులో మణికట్టు దాకా చెయ్యి పెట్టమంది. గట్టిపడేదాకా కదలకూడదట. ఎంతసేపు అంటే నలభై నిమిషాలంది. నలభై నిమిషాలు పట్టదని నాకు తర్వాత తెలిసింది. పావుగంట చాలట!

ఎందుకంటే మేడం, నా చెయ్యి బకెట్టులో ఇరుక్కోగానే ఆవిడ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. తొమ్మిదేళ్ళవి ఒక్కొక్కటే తీసింది. కుట్టుమిషను. వాళ్ళమ్మాయి పెళ్ళిలో నేను రెండో వరసలో కూర్చోవడం. ఆసుపత్రిలో నేను తెచ్చిన పళ్ళు మెత్తబడి ఉండటం. పళ్ళు కూడా గుర్తున్నాయి ఆ మహాతల్లికి! లేచి పోదామంటే చెయ్యి రాదు. నోరు విప్పితే అచ్చు పోస్తుందో పొయ్యదో అని భయం. జీవితంలో మొదటిసారి ఆడపడుచు మాటలు పూర్తిగా విన్నాను.

మధ్యలో ఒకసారి, 'వేళ్ళు బిగించకు, కోపం అచ్చులో పడుతుంది' అంది. ఇద్దరం నవ్వేశాం. నవ్వితే చెయ్యి కదిలింది. మళ్ళీ కొత్త ముద్ద కలపాల్సొచ్చింది. ఇంకో నలభై నిమిషాలు.

ఏంటి మేడం, రాయడం ఆపేశారు? నవ్వు తుడుచుకుంటున్నారా? తుడుచుకోండి, తొందరేం లేదు.

సరే. చెయ్యి తయారైంది. గదిలోకి ఎలా వెళ్ళింది అంటారు. కంపెనీ రూల్సే తీసుకెళ్ళాయి. నిజంగా! నెలకోసారి, నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో అలవాటు చెయ్యడానికి గంట కొడతారు కదా, అందరూ ఎక్కడి వస్తువులు అక్కడ వదిలేసి, ఉన్నవాళ్ళు ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళి వరసలో నిలబడాలి. ఏదీ పట్టుకోకూడదు. గోడ మీద రాసి ఉంటుంది. స్కేలమ్మ రూలంటే ప్రాణం ఇచ్చే మనిషి. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళింది. స్కేలు కూడా పెట్టి వెళ్ళింది మేడం! అది చూసి నాకే కళ్ళు చెమర్చాయి.

నేను బాత్రూములో ఉన్నాను. పెద్దవయసు ఆడమనిషి బాత్రూములో ఉంటే తలుపు కొట్టే ధైర్యం ఏ సూపర్‌వైజరుకుంటుంది చెప్పండి. బయటికొచ్చి, కొలతల గదిలోకెళ్ళి, ఆ తాళాలతో అలమర తెరిచి, పెద్దాయన చెయ్యి తీసి, బిళ్ళ విప్పి, నా చేతికి తగిలించాను. నా రబ్బరు చేతికి. అయిదు నిమిషాలు. పాత చెయ్యి ఏప్రన్ల మూటలో పెట్టాను. ఏప్రన్లు శనివారం ఇంటికి తీసుకెళ్ళి ఉతుక్కు రావాలని కూడా రూలే కదా. గేటు దగ్గర మూట నొక్కి చూశారు. మెత్తగానే ఉంది. మగవాళ్ళ చెయ్యి అంత మెత్తగా ఉండటం నేనెక్కడా చూడలేదు లెండి, పని చేసింది కాదుగా!

ఇప్పుడెక్కడుందా? మా వంటింట్లో. మేకుకి తగిలించాను, గిన్నెలు తుడిచే గుడ్డ దాని వేళ్ళ మీద ఆరేస్తాను. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి అది ఇంటి పని చేస్తోంది. మా ఆయన మొదట్లో జడుసుకున్నాడు. ఇప్పుడు పొద్దున్నే దానికి షేక్‌హ్యాండిచ్చి కాఫీ పెడుతున్నాడు.

కావాలంటే రేపు తెచ్చిస్తాను. గుడ్డ మాత్రం నాది.

ఇక్కడ మీరు నమ్మరు చూడండి. ఆరు వారాలు! ఆరు వారాల పాటు డిజైనరుగారు, ఆయన కింద ఏడుగురు, ఆ చేతిలో ఫోను పెట్టి తీశారు, పెట్టి తీశారు. సగానికి సగం చిన్న చెయ్యి. చూపుడువేలు మీద ఉల్లిపాయలు తరుగుతుంటే తెగిన గాటు. ఉంగరం తీస్తే కనిపించే గుంట. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు చెయ్యి వంక చూడలేదు. బిళ్ళ చూశారు. 'ప్రామాణిక హస్తం' అని ఉంది, సరే అనుకున్నారు. బిళ్ళ తగిలిస్తే చీపురు కట్టకైనా కొలతలు తీసుకునేవాళ్ళేమో. స్కేలమ్మకేమో వాళ్ళు చెప్పిన అంకెలు రాసుకోవడమే పని, చెయ్యి ఎప్పుడూ వాళ్ళ గుంపు మధ్యే ఉండేది.

ఆ చెయ్యి చూపుడువేలు వెనక్కి అందదు. బొటనవేలేమో చక్కగా పక్కకొచ్చి ఆనుతుంది, పవర్ బటను దగ్గర. ఇంకేముంది, స్కానరు పక్కకొచ్చింది! డిజైనరుగారు దాని మీద పదిహేను పేజీలు రాశారు. 'మానవ హస్తపు సహజ స్థితిని లోతుగా పరిశీలించిన మీదట' అని మొదలుపెట్టారు. దానికాయనకి మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. గోడకి తగిలించుకున్నారు. నా చెయ్యి మీద ఆయన మెచ్చుకోలు! నాకు కోపం రాలేదు. అలవాటే కదా మనకి.

వాడి చూడమని స్టాఫుకి రెండు వందల ఫోన్లిచ్చారు. వారం తర్వాత తిరిగివ్వమన్నారు. మగవాళ్ళందరూ ఇచ్చేశారు. ఆడవాళ్ళలో ముప్ఫై ఒక్కమంది ఫోన్లు పోయాయట! ఒకటి బస్సులో, ఒకటి బావిలో, ఒకటి మేక తినేసిందట. నేను చెప్పించలేదు మేడం, నాకేం తెలీదు. మేక సంగతి మాత్రం కాస్త అతి అనిపించింది.

అన్నీ బాగానే జరిగిపోయేవి. డీలర్ల సభ లేకపోతే.

చిన్న డైరెక్టరుగారు స్టేజీ ఎక్కి, 'చెయ్యి పడ్డ చోటే తలుపు తెరుచుకుంటుంది' అంటూ ఫోను పైకెత్తారు. ఆయనది తండ్రి చెయ్యే కదా. బొటనవేలు స్కానరు దాటి పైకెళ్ళిపోయింది. వేలి మడత పడింది దాని మీద. తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టారు. అయిదుసార్లు. వెనక పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తోంది. 'చాలాసార్లు ప్రయత్నించారు, అర నిమిషం ఆగండి' అని ఫోను ఆయనకి బుద్ధి చెప్పింది. డీలర్లలో ఒకావిడ కిసుక్కుమంది. దాంతో హాలంతా అందుకుంది.

బొటనవేలు కాస్త వెనక్కి మడిచి పెడితే తెరుచుకునేది. అంగుళం. ఒక్క అంగుళం! కానీ ఆయనకెలా తెలుస్తుంది? పుట్టాక ఎప్పుడైనా ఒక వస్తువు కోసం వేలు మడవాల్సొచ్చిందా ఆయనకి? మనం ఇన్నేళ్ళుగా వేళ్ళు సాగదీస్తున్నామే, ఎవరైనా విచారణ వేశారా? ఆయన్ని ఒక్క అంగుళం మడవమంటే హెడ్డాఫీసు నుంచి మీరు దిగారు.

ఆ సాయంత్రం మొదటిసారి అందరూ చెయ్యి వంక చూశారు. గాటు చూశారు, ఉంగరం గుంట చూశారు. డిజైనరుగారు, 'ఇది ఆడచెయ్యి!' అని అరిచారట, బొద్దింకని చూసినట్టు. అలమర తాళం ఎవరిది? స్కేలమ్మది. అయితే స్కేలమ్మే. మర్నాడు పొద్దున్నే ఇంటికి పంపేశారు. స్కానరు మళ్ళీ వెనక్కే పోతుందని కూడా చెప్పేశారు. ఆ ఒక్కదానికి మాత్రం విచారణ అక్కర్లేకపోయింది.

ఏమంటున్నారు? తాళం ఆవిడే ఇచ్చిందని ఒక్క ముక్క చెప్తే నన్ను హెచ్చరించి వదిలేస్తారా? నా ఉద్యోగం నాకుంటుందా?

మంచివారు మేడం మీరు. నిజంగానే అంటున్నాను. మీకు చెప్పి పంపిన మాటే కదా అది, మీ మొహం చూస్తే తెలుస్తోంది.

వద్దండి.

ఆ గుడ్డ తియ్యండి. ఆ చెయ్యి ఇలా జరపండి. ఇదిగో, పక్కన నా చెయ్యి పెడుతున్నాను. గాటు, ఇక్కడ గాటు. గుంట, ఇక్కడ గుంట. చూపుడువేలు కాస్త లేచి ఉంది చూశారా? ఆడపడుచు మెత్తబడ్డ పళ్ళ దగ్గరికొచ్చినప్పటిది అది.

కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారా? నా సౌకర్యం కోసం చేశానంటారా? నా బొటనవేలు మీద గీతలే లేవు మేడం. స్కానరు వెనక పెట్టినా, పక్కన పెట్టినా, నడినెత్తిన పెట్టినా నాకు తెరుచుకోదు. నాది మామూలు అంకెలు నొక్కే ఫోను. అందుకే కదా, నేను అందరి కోసం చేశాననుకున్నాను. పదకొండు రోజులు ఆ మాట పట్టుకుని నిద్రపోయాను కూడా. నోరు విప్పితే ఉద్యోగం పోతుందన్న భయానికి అది మంచి దుప్పటి.

నిన్న సాయంత్రం స్కేలమ్మ ఇంటికెళ్ళాను. చెప్పేద్దామని. బావిలో పడిందని చెప్పినావిణ్ణి ఆ ఫోను అడిగి పట్టుకెళ్ళాను. అంతా చెప్పేశాక దాన్ని చూపిద్దామని. ఇంత కష్టం నీకు వచ్చింది నిజమే, కానీ చూడు ఎంత బాగా వచ్చిందో అని.

ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. అంతా వింది. తిట్టలేదు. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ఫోను అందుకుంది. ఎడమ చేత్తో.

స్కేలమ్మది ఎడమ చేతి వాటం మేడం. రాసేది ఎడమ చేత్తోనే, కొలిచేది ఎడమ చేత్తోనే. సెక్షన్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఎడమ చేతిలో పట్టుకుంటే బొటనవేలు అటు పక్కకి పోయింది. స్కానరు ఇటు ఉండిపోయింది. నాలుగు వేళ్ళ కింద పడి నలిగింది. బటను నొక్కుకుపోయి తెర తనే వెలిగింది, తనే ఆరిపోయింది. ఆవిడ దాన్ని కుడి చేతిలోకి మార్చుకుంది, ఇంత వయసొచ్చినా ఎవరో మార్చుకోమంటే మార్చుకునే చిన్నపిల్లలా.

'పాతది నాకు బాగానే ఉండేది. నా వేళ్ళు పొడుగు కదా, నడిమధ్యన ఉంటే ఏ చెయ్యైనా ఒకటే' అంది.

తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, 'నన్నడిగితే రెండు పక్కలా పెట్టేలా కొలత గీసిచ్చేదాన్ని' అంది. మళ్ళీ ఇస్త్రీ పెట్టె తీసుకుంది.

ఆరు వారాలు రోజూ ఆ గదిలోకి వెళ్ళొచ్చాను మేడం. నా చెయ్యి ఎలా ఉందో చూసుకోవడానికి. పక్కనే ఆవిడ ఎడమ చేత్తో ఆ కొలతలన్నీ రాస్తూ కూర్చుంది. మమ్మల్ని అడిగిన మగాడు లేడని ఊరంతా చాటుకుంటూ తిరిగాను. పెద్దాయన చెయ్యి తీసేసి నా చెయ్యి పెట్టాను. అంతే నేను చేసింది. బిళ్ళ అదే.

సరే, మీ టైమవుతోంది. రాయండి.

చెయ్యి ఎవరిది? నాది. తాళం ఎవరు తీశారు? నేనే. కంపెనీలో ఎవరైనా సాయం చేశారా? లేదు. స్కేలమ్మకి తెలుసా? తెలీదు. ముందుగా ఆవిణ్ణి ఏమైనా అడిగానా?

అడగలేదు. ఎవర్నీ అడగలేదు.

ఆ మాట కింద గీత గీయండి. రెండు గీతలు గీయండి. ఆవిణ్ణి వెనక్కి పిలవడానికి మీకు ఆ ఒక్క మాట చాలు. నాకు దానివల్ల ఏమవుతుందో రాయడానికి మీ ఫారంలో గడి లేదులెండి.